చేదు చూసే మనిషి

మా మామయ్యగారిని వీధిలో పిల్లలు చేదు తాత అనేవారు. ఎదురుగా కాదు లెండి, ఆయన మలుపు తిరిగాక. ఎదురుగా అనడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు. ఆయన చేతిసంచిలో ఎప్పుడూ ఒక సీసా ఉండేది. అందులోది ఒక్క చుక్క నోట్లో పడిందంటే మధ్యాహ్నం దాకా ఏం తిన్నా చేదే. పశువుల కడుపులో నట్టలు, అంటే పురుగులు, పడిపోవడానికి ఆయన ఇంట్లో కాచే కషాయం అది. పిల్లలు మరీ గోల చేస్తే "రండర్రా, మీ పొట్టల్లో కూడా ఉండే ఉంటాయి" అంటూ సీసా బిరడా మీద చెయ్యి వేసేవారు. వీధి క్షణంలో ఖాళీ అయ్యేది.

నేను ఆ ఇంటి కోడలిని. ముందుగదిలో కుట్టుమిషను నాది, వెనక పెరడు ఆయనది. మధ్యలో వంటిల్లు ఉంది, పేచీ అంతా దాని గురించే. మా అత్తగారు నా పెళ్లికి ముందే పోయారు. మా ఆయన బస్సు డ్రైవరు, ఇంట్లో ఉండేది తక్కువ, ఉన్నప్పుడు నిద్రపోయేది ఎక్కువ. కాబట్టి ఆ ఇంట్లో మాటలన్నీ నాకూ మామయ్యగారికీ మధ్యే నడిచేవి. పోట్లాటలు కూడా.

ఆయన పశువుల వైద్యుడేమీ కాదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒక బట్టల మిల్లు క్యాంటీన్‌లో వంటవాడు. మిల్లు మొత్తానికి ఆయన నాలుకే కొలత. గరిటతో ఒక చుక్క ఎడమ అరచేతిలో వేసుకుని, నాలుకకి తాకించి, కళ్లు మూసుకుని "ఉప్పు చాలలేదు" అన్నారంటే చాలనట్టే. తూకాలూ కొలతగిన్నెలూ ఆయనకి గిట్టవు. "తూచి వండేవాడు వంటవాడు కాదమ్మాయ్, కిరాణా కొట్టువాడు" అనేవారు.

అలాంటి మనిషి ఇంట్లో వంట చెయ్యడమంటే ఏమిటో నన్నడగండి. కొత్తకోడలిగా మొదటిరోజు వండి పెట్టాను. ఒక ముద్ద తిని, "పోపు తొందరపడింది" అన్నారు. మర్నాడు "ఉల్లిపాయకి ఇంకో నాలుగు నిమిషాలు ఇవ్వాల్సింది" అన్నారు. ఏళ్లు గడిచినా ఒక్కరోజు బాగుందన్న పాపాన పోలేదు. కంచం మాత్రం కడిగినంత శుభ్రంగా ఖాళీ అయ్యేది. అది చూపించి నేను దెప్పితే, "తిండి పారెయ్యకూడదు కదమ్మాయ్" అనేవారు. ఆ పూట మిషను పెడల్ని ఎంత గట్టిగా తొక్కేదాన్నో నాకు తెలుసు, నేను కుట్టిన కర్టెన్లకి తెలుసు.

ఆవులతో ఆయనకి చుట్టరికం కూడా క్యాంటీన్ వల్లే కలిసింది. అక్కడ మిగిలిన కూరగాయల తొక్కలు మా వీధి చివర పాలావిడ పాకకి వెళ్లేవి. ఆవిడని నేను పాలవదిన అంటాను. ఎంత తొక్క తిన్నా ఆవుల డొక్కలు ఎండిపోయే ఉంటున్నాయని ఒకరోజు ఆయన గమనించారట. ఒకదానికి దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతోందట. మామయ్యగారి నాన్న గొడ్లు కాసిన మనిషి. చిన్నప్పుడు నాన్న కాచిన నట్టల మందు గుర్తు తెచ్చుకుని, తనకి తెలిసిన పద్ధతిలో, అంటే క్యాంటీన్ పద్ధతిలో, పెద్ద గిన్నె పెట్టి కాచారు. ఆ ఆవు నాలుగురోజులకి మేత మీద పడింది. అక్కణ్నుంచి ఇక చెప్పేదేముంది, పశువున్న ప్రతి ఇంటికీ ఆయన తలలో నాలుక అయిపోయారు.

మందు కాచే రోజు చూడాలి ఆయన్ని. పెరట్లో దానిమ్మ చెట్టు బెరడు గీసి తెచ్చేవారు. ఎండబెట్టిన బొప్పాయి గింజలు, గుమ్మడి గింజలు రోట్లో వేసి దంచేవారు. అన్నీ కలిపి సగానికి మరిగించి, నా దగ్గర మిగిలిన గుడ్డముక్కలో వడకట్టేవారు. ఆ తర్వాతే అసలు పని. బెరడు ఎప్పుడూ ఒక్కలా ఉండదు. ఎండల్లో గీసింది ఒక తీరు, వానలు పడ్డాక గీసింది ఇంకో తీరు. అందుకని అరచేతిలో చుక్క వేసుకుని, రుచి చూసి, నీళ్లు కలిపి, మళ్లీ చూసి, మళ్లీ కలిపేవారు. ఈడొచ్చిన ఆవుకి ఎంత ఘాటు కావాలో, దూడకి ఎంత పలచన చెయ్యాలో ఆయన నాలుకకే తెలుసు. చేదు సరిగ్గా కుదిరినప్పుడు ముఖమంతా ముడుచుకుపోయి, ఒక కన్ను మూతపడి, మెడ కిందికి వణుకు దిగేది. "కుదిరింది" అనేవారు పరమానందంగా.

పోయిన వానాకాలం ఆయనకి జ్వరం వచ్చింది. ముక్కు మూసుకుపోయి, మంచానికి అంటుకుపోయి, ఎలాగో లేచారు. లేచాక మనిషిలో మార్పు వచ్చింది. కంచం ముందు కూర్చుని ఒక ముద్ద తిని, "అమృతంలా ఉందమ్మాయ్" అన్నారు. నా చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. మర్నాడు కూడా అదే మాట. ఆ వారమంతా అదే మాట. నాకు ఏనుగెక్కినట్టు ఉంది. మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను, మిషను దగ్గరికి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పాను. ఒకరోజు మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని "కూరలో ఉప్పే లేదేంటే" అని అరిస్తే, "ఉప్పు ఎక్కడ తగ్గింది? మీ నాన్నగారు అమృతం అన్నారు, క్యాంటీన్ నడిపిన మనిషికంటే నీకెక్కువ తెలుసా" అని ఎదురు అరిచాను. మామయ్యగారు తల వంచుకుని తింటూనే ఉన్నారు. ఆ కూరలో నిజంగానే ఉప్పు లేదు. నేనూ తిన్నాను కదా, నాకు తెలుసు. పొగడ్త అంత తియ్యగా ఉంటే ఉప్పు గురించి ఎవరు ఆలోచిస్తారు!

పాలవదిన ఆవు ఈనింది ఆ రోజుల్లోనే. పెయ్యదూడ. ముట్టుకుంటే చాలు ఎగిరి అంత దూరాన పడేది, అందుకని గంతులమ్మ అని పిలిచేవాళ్లం. నాలుగు నెలలు నిండేసరికి దానికి పొట్ట ముందుకొచ్చి వెంట్రుకలు గరుకుబారాయి. పారుడు పట్టుకుంది. "నట్టలే, సందేహం లేదు" అన్నారు మామయ్యగారు. జ్వరం తగ్గాక మొదటిసారి, పొద్దున్నే కషాయం కాచి, వెదురు గొట్టంతో దాని నోట్లో పట్టి వచ్చారు. వచ్చి, చేతులు కడుక్కుని, నేనిచ్చిన టీ కూడా అమృతమే అన్నారు.

మధ్యాహ్నానికల్లా పాలవదిన చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చింది. "బాబాయ్, గంతులమ్మ పడిపోయింది. లేపితే లేవట్లేదు."

మేం వెళ్లేసరికి దూడ పాకలో పక్కకి ఒరిగి ఉంది. కాళ్లు వణుకుతున్నాయి, నోటి నుంచి సొంగ తీగలా కారుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ, ఎదురుగా చెయ్యి ఊపితే రెప్ప కొట్టడం లేదు. తల్లి ఆవు తాడు తెగేలా లాగుతోంది. ఈలోగా పశువుల ఆసుపత్రి డాక్టరమ్మ స్కూటరు మీద వచ్చింది. చిన్న వయసే కానీ చేతిలో పని ఉన్నప్పుడు ఎవరినీ లెక్కచెయ్యదు. కళ్లూ చిగుళ్లూ చూసి, "పొద్దున్నించి ఏం పట్టారు?" అంది.

మామయ్యగారు సంచిలోంచి సీసా తీసి ఇచ్చారు. ఆవిడ ఒక చుక్క నాలుకకి తాకించుకుని అప్పటికప్పుడు ఉమ్మేసింది. నీళ్లు అడిగి పుక్కిలించి మళ్లీ ఉమ్మేసింది. "ఎవరు కాచారు ఇది? దూడకి పట్టే మందా? పెద్ద ఎద్దుకి కూడా ఎక్కువే."

మామయ్యగారు ఆవిడ ముఖం వైపు చాలాసేపు చూశారు. తర్వాత సీసా తీసుకుని, అరచేతిలో చుక్క కాదు, ఒక గుక్క నోట్లో పోసుకున్నారు. నేను ఆయన ముఖం చూస్తున్నాను. ఒక్క ముడత పడలేదు. కన్ను మూతపడలేదు. మంచినీళ్లు తాగిన మనిషిలా నిలబడి ఉన్నారు.

"తప్పు నాదేనమ్మా," అన్నారు డాక్టరమ్మతో. "నా నాలుక చచ్చిపోయింది. జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ ఏ రుచీ తెలియట్లేదు. కనీసం చేదైనా తెలుస్తుందిలే అనుకున్నాను. తెలియకపోయేసరికి ఇంకా ఇంకా బెరడు వేసుకుంటూ పోయాను."

డాక్టరమ్మ మాత్రం "మాటలు తర్వాత, ముందు దీన్ని కూర్చోబెట్టండి" అని మమ్మల్ని పనిలో పెట్టింది. బొగ్గుపొడి నీళ్లలో కలిపి గొట్టంతో కడుపులోకి పంపింది. మెడ నరానికి సూది గుచ్చి సెలైన్ ఎక్కించింది. సెలైన్ సీసా పట్టుకుని నిలబడింది మామయ్యగారే. చెయ్యి మార్చుకోమన్నా వినలేదు. పాక రేకుల మీంచి ఎండ జారి గోడ దిగేదాకా ఆ చెయ్యి అలా పైకే ఉంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి, దూడతో ఏదో చెబుతున్నారు. దగ్గరికి వెళ్తే వినిపించింది. "లే తల్లీ, నన్నింత మాట పడనివ్వకు, లే తల్లీ" అంటున్నారు.

సాయంత్రానికి గంతులమ్మ తల ఎత్తింది. ముందుకాళ్ల మీద లేవబోయి పడింది, మళ్లీ లేచింది. తూలుతూ వెళ్లి తల్లి పొదుగు వెతుక్కుంది. పాలవదిన అప్పుడు ఏడ్చింది, అందాకా ఆపుకున్నదంతా. ఏడుస్తూనే మామయ్యగారి వైపు వీపు తిప్పి కూర్చుంది. ఆవిడ నాలుగు తిట్టి ఉంటే ఆయనకి తేలిగ్గా ఉండేది.

ఇంటికి వచ్చాక నా కోపం కట్టలు తెంచుకుంది. "మూగజీవి ప్రాణం మీదికొచ్చింది. నాకొక్క మాట చెప్పి ఉండొచ్చు కదా మామయ్యా?"

"వంటవాడి నాలుక పోయిందంటే నవ్వుతారమ్మాయ్."

"ఎవరు నవ్వేది? నేనా?"

"నువ్వు నవ్వవు, ఏడుస్తావు. అదింకా కష్టం."

నేను అప్పటికే ఏడుస్తున్నాను. ఏడుపులోనే అసలు సంగతి గుర్తొచ్చి ఒళ్లు మండింది. "మరి నా వంట అమృతం అన్నారే? వీధంతా చాటుకున్నాను కదా! మా అమ్మకి కూడా చెప్పాను!"

ఆయన వంటింటి గడపలో కూర్చున్నారు. కాసేపు అరచేతులు చూసుకున్నారు. "రుచి తెలిసిన రోజుల్లో ఒక్కసారీ బాగుందనలేదు నేను. వంక వెతకడం నా ఉద్యోగం, అదే అలవాటై ఇంటికీ వచ్చేసింది. జ్వరం తగ్గాక ముద్ద నోట్లో పెట్టుకుంటే బూడిద తిన్నట్టుంది. అప్పుడు నీ పాత వంటలు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ తినేవాణ్ని. గుర్తు చేసుకుంటుంటే అన్నీ బాగున్నాయమ్మాయ్. పోపు తొందరపడింది కూడా బాగుంది. అబద్ధం చెప్పలేదు నీకు, ఆలస్యంగా చెప్పాను."

నేను వెళ్లి ఆయన పక్కనే గడపలో కూర్చున్నాను. ఆయన మీద నాకు ఎంత ప్రేమ ఉందో ఆ సాయంత్రమే తెలిసింది.

మర్నాడు ఆయన కషాయం గిన్నె బోర్లించేశారు. రోలు మీద గోనె కప్పారు. ఎవరైనా మందు కోసం వస్తే "ఆసుపత్రిలో మాత్రలిస్తారు, మంచివి, అక్కడికి వెళ్లండి" అని గేటు దగ్గర్నుంచే పంపేసేవారు. అక్కడితో ఆగితే సరిపోయేది. అన్నీ మానేశారు. పొద్దున కుర్చీలో కూర్చుంటే సాయంత్రం అక్కడే. రుచి తెలియని తిండి నాలుగు మెతుకులు మింగి లేచేవారు. నేను వంకలు పెట్టమని బతిమాలే స్థితి వచ్చింది. "పోపు మాడ్చాను మామయ్యా, తిట్టండి" అంటే, "బానే ఉందమ్మాయ్" అనేవారు. పశువు డొక్కలు చూసి జబ్బు చెప్పే మనిషికి తన డొక్కలు ఎండిపోవడం కనబడలేదు. మా ఆయన సెలవు పెట్టి పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. కొందరికి తిరిగి వస్తుంది, కొందరికి రాదు, కాలమే చెప్పాలి అన్నాడాయన. మామయ్యగారు తల ఊపి వచ్చేశారు. ఈయన ఇలాగే ఆ కుర్చీలో కరిగిపోతారా అని నాకు లోపల భయం పట్టుకుంది.

పాలవదిన ఆ మధ్యంతా మా గుమ్మం తొక్కలేదు. పాలు ఎవరి చేతనో పంపేది. ఒక ఉదయం హఠాత్తుగా గేటు చప్పుడైంది. ఆవుని తాడు పట్టుకుని నిలబడి ఉంది. వెనక డాక్టరమ్మ స్కూటరు ఆగింది.

"బాబాయ్, దీని కడుపులో మళ్లీ నట్టలున్నాయి. మందు కాయండి" అంది పాలవదిన.

"నా వల్ల కాదమ్మా. చూశావుగా."

"చూశాను. మీ మీద నాకు చచ్చేంత కోపం ఉంది. పరాయివాళ్ల మీదైతే కోపమెందుకు, ఇంకో గుమ్మం చూసుకునేదాన్ని. మా అమ్మ ఉన్నప్పట్నుంచీ మా పాకలో ప్రతి పశువు మీ చెయ్యి మీదే లేచింది. ఒక్క రోజుకి అదంతా మర్చిపొమ్మంటారా?"

ఆయన డాక్టరమ్మ వైపు చూశారు, కాపాడమన్నట్టు. ఆవిడ కాపాడలేదు. "మందు మానెయ్యమని నేననలేదు పెద్దాయనా. మీరు ఇంతకుముందు పట్టిన పశువుల పేడ తెప్పించి చూశాను. కొన్నిటిలో నట్టల గుడ్లు బాగా తక్కువగా ఉన్నాయి. కొన్నిటిలో నిండుగా ఉన్నాయి, వాటికి మాత్రలే వెయ్యాలి. అందుకే చెప్తున్నాను. బెరడు తూచి వెయ్యండి. కాచాక నాకు చూపించండి. పట్టే ముందు ఒకసారి, పట్టాక ఒకసారి పేడ పరీక్ష చేద్దాం. దూడలకి మాత్రం మీ మందు వద్దే వద్దు. ఒప్పుకుంటే నేను మీతో ఉన్నాను."

"తూచాలా?" అన్నారు మామయ్యగారు. చాలా రోజుల తర్వాత ఆ గొంతులో కాస్త రోషం వినిపించింది. "తూకం రాయికి బెరడు సంగతి ఏం తెలుసమ్మా? వానకి తడిసిన బెరడూ ఎండిన బెరడూ దానికి ఒకటే. నాలుక ఉండాలి."

"ఉంది" అన్నాను నేను. ఎందుకన్నానో తెలియదు, నోరు ముందు పరిగెత్తింది. "నాది ఉందిగా."

ఆయన నా వైపు తిరిగి ఎగాదిగా చూశారు. "పంచదార తగ్గితే టీ తాగని దానివి, నువ్వా?" అన్నారు. కానీ లేచారు. కుర్చీ చేతుల మీద బలం పెట్టి లేచి, పెరట్లోకి నడిచి, రోలు మీద గోనె తీశారు.

బెరడు తూచారు, తిట్టుకుంటూనే తూచారు. దంచి, మరిగించి, వడకట్టారు. డాక్టరమ్మ గిన్నెలోకి తొంగిచూసి, ఈ పూటకి ఆవుకి ఎంత మించకూడదో చెప్పి, కొంచెం సీసాలో పట్టుకుని వెళ్లిపోయింది. పాలవదిన ఆవుతో గేటు బయట నిలబడింది. మామయ్యగారు గరిటతో ఒక చుక్క నా అరచేతిలో వేశారు.

"మాట్లాడకు. నేను నీ ముఖం చూస్తాను. మింగకు, చూసి ఉమ్మెయ్" అన్నారు.

నాలుకకి తాకించానో లేదో నా ముఖం నా చేతుల్లో లేకుండా పోయింది. ఆయన కళ్లజోడు సవరించుకుని, వంగి, నా కనుబొమలూ బుగ్గలూ మెడా పరీక్షగా చూశారు. "ఎక్కువైంది" అని నీళ్లు పోశారు. మళ్లీ చుక్క. "ఇంకా ఉంది." మళ్లీ నీళ్లు, మళ్లీ చుక్క. ఈసారి నాకు ఒక కన్ను మూతపడి మెడ కిందికి వణుకు దిగింది. "ఆగు. ఇదీ" అన్నారు.

"ఎలా తెలిసింది మామయ్యా?"

"మిల్లులో ఎన్ని వందల ముఖాలకి వడ్డించానమ్మాయ్! తినేవాడి ముఖం చూస్తే కూరలో ఏముందో తెలిసిపోతుంది."

నేను పరుగున వెళ్లి చెంబు అందుకున్నాను పుక్కిలించడానికి. ఆయన నా మణికట్టు పట్టుకుని ఆపారు. మెల్లగానే పట్టుకున్నారు కానీ వదల్లేదు.

"కడిగేసుకోకు. ముందు ఎలా ఉందో చెప్పు."

"ఎలా ఉండటమేంటి? చేదు!"

"ఎలాంటి చేదు? నాకు గుర్తు పోతోందమ్మాయ్. చెప్పు."

చెంబు కింద పెట్టాను. రోలు పక్కన ఆయనకి ఎదురుగా కూర్చున్నాను. "మొదట ఏమీ ఉండదు మామయ్యా. నాలుక చివర నీళ్లలాగే ఉంటుంది. తర్వాత పక్కల నుంచి వగరు పడుతుంది, బుగ్గలు లోపలికి లాగేస్తాయి. ఆ తర్వాత చేదు వస్తుంది. వచ్చి గొంతు దగ్గర కూర్చుంటుంది. మింగినా పోదు."

ఆయన కళ్లు మూసుకున్నారు. నోరు ఖాళీగానే నెమ్మదిగా కదులుతోంది. "ఆఁ, గొంతు దగ్గరే" అన్నారు. "అక్కడే ఉండేది. ఇంకా చెప్పు తల్లీ."

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. నోరు విషంలా ఉంది. అయినా కడుక్కోకుండా చెబుతూనే కూర్చున్నాను, గేటు బయట పాలవదిన ఆవు మెడ నిమురుతూ ఎదురుచూస్తుండగా.